బీరువాకూ రిజిస్టరుకూ మధ్య

కచేరీలో నాలుగేళ్ళు పనిచేసిన వారెవరికైనా "ఫైలు దొరకడం లేదు" అన్న మాట బాగా పరిచయమే. "ఫైలు లేదు" అని మాత్రం ఎవరూ అనరు. ఉంది, కాని దొరకడం లేదు. ఈ రెండు మాటల మధ్య ఎందరి ఇంక్రిమెంట్లు, ఎందరి సీనియారిటీలు, ఎందరి పెన్షన్లు ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయాయో మనలో చాలామందికి తెలిసిన విషయమే. కాగితం భద్రంగా ఉండడం ఒక పని. అది కావలసిన నాడు చేతికి రావడం ఇంకొక పని. మొదటి పనికి బీరువా కావాలి, రెండవ పనికి రిజిస్టరు కావాలి. బీరువాలో పడిన ప్రతి కాగితాన్నీ రిజిస్టరులోకి ఎక్కించడానికి మూడో మనిషి ఒకడు కావాలి. అతడు ఒక్కరోజు రాకపోతే ఆ రోజు వచ్చిన కాగితాలు ఉండీ లేనట్టే.

ఈనాడు బీరువా స్థానంలో "క్లౌడ్" వచ్చింది. అంటే మన ఫైళ్ళను మన కంప్యూటరులో కాక, ఎక్కడో దూరాన ఏదో కంపెనీ వారి యంత్రాలలో అద్దెకు దాచుకోవడం. రిజిస్టరు స్థానంలో వెదికిపెట్టే సాధనం, అంటే సెర్చి ఇంజను వచ్చింది. మూడో మనిషి పనిని కూడా యంత్రానికే అప్పగిస్తున్నారు. దానికి "వర్క్‌ఫ్లో ఆటోమేషన్" అని పేరు పెట్టారు. పేర్లు కొత్తవి గాని పని మనకు తెలియనిది కాదు. ఈ మూడింటి చరిత్రను, అందులోనూ ఎవరూ అంతగా పట్టించుకోని ఆ మూడో పని చరిత్రను పాఠక మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీన సూచికలు

గ్రంథాలు పోగుపడిన చోటల్లా వెదుకులాట కూడా మొదలవుతుంది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో క్రీ.పూ. 3వ శతాబ్దంలో కల్లిమాకస్ అనే గ్రీకు కవి "పినాకెస్" అనే పట్టిక తయారుచేశాడు. ఆ పట్టికే 120 గ్రంథాలంత ఉండేదని పాత రచనల వల్ల తెలుస్తున్నది. గ్రంథకర్త ఎవరు, రచన ఏ మాటలతో మొదలవుతుంది, మొత్తం ఎన్ని పంక్తులు అన్న వివరాలు అందులో ఉండేవి. గ్రంథాలయమూ పోయింది, పట్టికా పోయింది. ఇతరులు ఉదహరించిన కొన్ని తునకలు మాత్రం మిగిలాయి.

ఇంకొక మెట్టు 13వ శతాబ్దంలో పారిస్ నగరంలో పడింది. సెయింట్ షేర్ హ్యూ అనే మతాచార్యుని ఆధ్వర్యంలో డొమినికన్ సన్యాసులు బైబిలుకు పదసూచిక తయారుచేశారు. గ్రంథం పేరు వేస్తే గ్రంథం దొరకడం పట్టిక చేసే పని. ఒక మాట చెబితే ఆ మాట ఏయే చోట్ల వచ్చిందో చూపడం పదసూచిక చేసే పని. అంటే పుస్తకం నుంచి మాటకు కాక, మాట నుంచి పుస్తకానికి వెనక్కు నడిచే దారి. నేటి సెర్చి ఇంజన్ల గుండెకాయ ఇదే. దీనిని తిరగవేసిన సూచిక అని ఆ శాస్త్రంవారు అంటారు.

అయితే ఆ సన్యాసులకు ఒక సౌకర్యం ఉంది. బైబిలు పెరగదు. ఒకసారి సూచిక కట్టేస్తే పని పూర్తయినట్టే. కచేరీ అలా కాదు. పొద్దున్నే తపాలు వస్తుంది, మధ్యాహ్నం మళ్ళీ వస్తుంది. రోజూ పెరిగే బీరువాకు రోజూ పెరిగే రిజిస్టరు కావాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మన కచేరీల పద్ధతి

దస్త్రం అన్న మాట పారశీకపు "దఫ్తర్" నుంచి వచ్చింది. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి పారశీక దస్త్రాలు నేటికీ ఉన్నాయి. బ్రిటిషు ప్రభుత్వం 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు డిపార్టుమెంటును నెలకొల్పింది. అదే నేటి ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్. 1909లో ఎగ్మూరులో మద్రాసు రికార్డు ఆఫీసు వెలిసింది. కోస్తా, రాయలసీమ జిల్లాల పాత రెవిన్యూ వ్యవహారాలు చదవాలనుకున్న పరిశోధకులు చాలాకాలం అక్కడికే వెళ్ళవలసి వచ్చేది.

ఇవి పాత కాగితాల సంగతి. రోజువారీ కాగితాల కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో స్థిరపడినది టాటెన్‌హామ్ పద్ధతి. ఐ.సి.ఎస్. అధికారి పేరు మీదుగా వచ్చిన ఈ పద్ధతిని కలెక్టరేట్లలో, తాలూకా కచేరీలలో పనిచేసిన మన సభ్యులకు పరిచయం చేయడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా మనవలు చదువుతారు గనుక క్లుప్తంగా చెప్పుకుందాం.

తపాలు రాగానే తేదీ ముద్ర వేస్తారు. ప్రతి కాగితానికీ నంబరు పడుతుంది. డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కి, సంబంధిత గుమాస్తా పర్సనల్ రిజిస్టరులోకి చేరుతుంది. పాత సంబంధిత ఫైళ్ళు తీసి జతపరుస్తారు. నోటు ఫైలు ఒకవైపు, కరెంటు ఫైలు ఒకవైపు నడుస్తాయి. పని ముగిశాక డిస్పోజల్ వేస్తారు. "ఆర్.డిస్." పడితే శాశ్వతంగా ఉంచాలి, "డి.డిస్." పడితే పదేళ్ళు, "ఎల్.డిస్." పడితే ఏడాది. ఆ తరువాత కట్ట కట్టి రికార్డు రూముకు పంపుతారు.

ఈ పద్ధతిలో గొప్పతనం నంబరులో లేదు, రిజిస్టరులోనూ లేదు. కాగితం గడప దాటిన క్షణంలోనే అది రిజిస్టరులో ఎక్కి తీరాలన్న నియమంలో ఉంది. పై అధికారి పర్సనల్ రిజిస్టరును తెప్పించుకుని తనిఖీ చేసేవాడు. ఆ తనిఖీ సక్రమంగా జరిగిన కచేరీలో ఫైళ్ళు దొరికేవి. జరగని చోట కాగితం డ్రాయరులోనో, అట్టల సందులోనో ఉండిపోయేది.

పల్లెలలో పరిస్థితి వేరు. సూచిక కరణం గారి తలలో ఉండేది, తెలంగాణాలో పట్వారీ గారి తలలో. ఏ సర్వే నంబరు ఏ కట్టలో ఉందో ఆయనకే తెలుసు. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ గ్రామాధికారుల ఉద్యోగాలను రద్దుచేసింది. దాని మంచిచెడ్డల చర్చ ఇక్కడ అప్రస్తుతం. అయితే చాలా గ్రామాలలో కాగితాలు ప్రభుత్వానికి చేరాయి గాని, తలలో ఉన్న సూచిక మాత్రం మనిషితోపాటే వెళ్ళిపోయింది. ఇదే ఇబ్బంది ఈనాడు మన ఇళ్ళలోనూ ఉంది. ఆ మాట చివర చెప్పుకుందాం.

గ్రంథాలయం నేర్పిన పాఠం

సూచిక తయారీని మనిషి తెలివి మీద గాక నియమం మీద నిలబెట్టినవారిలో మన దేశస్థుడు ఒకరున్నారు. 1892లో తంజావూరు ప్రాంతపు శియాళిలో పుట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు గణితాధ్యాపకులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులయ్యారు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలు, 1933లో కోలన్ వర్గీకరణ ప్రకటించారు. ఆ సూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది. అయిదవది గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అన్నది.

1938లో ఆయన వివరించిన "గొలుసు పద్ధతి" మన విషయానికి ముఖ్యం. పుస్తకానికి వర్గసంఖ్య వేసిన తరువాత, ఆ సంఖ్యలోని ఒక్కొక్క మెట్టునూ తీసుకుని సూచికలోని ఆరోపాలను ఒక క్రమంలో రాబట్టవచ్చునన్నారు. ఏ గుమాస్తా చేసినా ఒకే ఫలితం రావాలి. 1950లో మొదలైన బ్రిటిషు జాతీయ గ్రంథసూచిక కూడా ఈ పద్ధతినే అనుసరించింది. నియమం ప్రకారం జరిగే పని ఏదైనా ఒకనాటికి యంత్రానికి అప్పగించదగినదే. రంగనాథన్ గారు కంప్యూటరు కోసం ఆ పని చేయలేదు గాని, దారి మాత్రం అటే పోయింది.

కంప్యూటరు చేతికి సూచిక

1958లో ఐ.బి.ఎం. సంస్థలోని హాన్స్ పీటర్ లూన్ వ్యాసాల శీర్షికలలోని ముఖ్యపదాలను యంత్రం చేతనే ఏరించి సూచిక తయారుచేయించాడు. 1960లలో అమెరికాలో గెరార్డ్ సాల్టన్ బృందం "స్మార్ట్" అనే ఏర్పాటుతో, అడిగిన ప్రశ్నకు ఏ పత్రం ఎంత దగ్గరగా ఉందో లెక్కకట్టే మార్గాలు వెదికింది. 1972లో ఇంగ్లండులో కారెన్ స్పార్క్ జోన్స్ ఒక చక్కని సంగతి చూపింది. అన్ని పత్రాలలోనూ వచ్చే మాటకు విలువ తక్కువ, కొద్ది పత్రాలలోనే వచ్చే మాటకు విలువ ఎక్కువ. మన కచేరీ ఫైళ్ళలో "విషయము", "సూచిక" అన్న మాటలు వెదికి లాభం లేదు. "పాముకాటు నష్టపరిహారం" అని వెదికితే ఫైలు దొరుకుతుంది. అంతే సూత్రం.

ఇలా రిజిస్టరు బాగుపడింది. మరి మూడో మనిషి? 1970లలో యునిక్స్ అనే కంప్యూటరు వ్యవస్థలో "క్రాన్" అనే చిన్న ఏర్పాటు వచ్చింది. చెప్పిన వేళకు చెప్పిన పని చేయడం దాని ఉద్యోగం. 1983లో జేమ్స్ వుడ్స్ అనే ఆయన ఫైళ్ళ పేర్లన్నిటినీ ముందుగానే ఒక జాబితాగా కట్టి ఉంచి, అందులో వెదికే పద్ధతిని ప్రకటించాడు. రాత్రిపూట అందరూ నిద్రపోయాక క్రాన్ లేచి, బీరువాలన్నీ తిరిగి, జాబితాను తాజాపరచేది. పగలు అడిగినవారికి క్షణంలో జవాబు వచ్చేది. లోపం ఒకటే. ఈ రోజు పెట్టిన ఫైలు రేపు గాని జాబితాలోకి రాదు.

1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదువుతూ పనిచేస్తున్న అలన్ ఎమ్‌టేజ్ అనే బార్బడోస్ దేశపు యువకుడు "ఆర్చీ"ని తయారుచేశాడు. లోకంలో అక్కడక్కడా తెరిచి ఉన్న కంప్యూటర్ల నుంచి ఫైళ్ళ జాబితాలను అది తెప్పించుకుని ఒకచోట చేర్చేది. దూరాన ఉన్న బీరువాను, దగ్గరున్న వెదుకులాటను మనిషి ప్రమేయం లేకుండా కలిపిన తొలి ప్రసిద్ధ ప్రయత్నం ఇదని చెప్పవచ్చును. ఇంటర్నెట్టులో మొదటి సెర్చి ఇంజనుగా దీనినే పేర్కొంటారు. అది ఫైలు పేరును మాత్రమే చూసేది, లోపల ఏముందో చూసేది కాదు. లోపలి మాటలన్నిటినీ సూచికలోకి తెచ్చే ఇంజన్లు 1994 తరువాత వచ్చాయి.

క్లౌడ్ బీరువా, గంట కొట్టే జవాను

2006 మార్చిలో అమెజాన్ సంస్థ "ఎస్3" పేరుతో నిల్వస్థలాన్ని అద్దెకివ్వడం ప్రారంభించింది. 2007లో ఆరంభమైన డ్రాప్‌బాక్స్ మరుసటి ఏడు ప్రజలకు అందింది. దాని స్థాపకుడు డ్రూ హ్యూస్టన్ బస్సు ప్రయాణంలో తన పెన్‌డ్రైవు ఇంట్లో మరచిపోవడం ఈ ఆలోచనకు మూలమని ఆయనే చెప్పుకున్నాడు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ డ్రైవ్ వచ్చింది. బీరువా ఇక నిండదన్న ధీమా కలిగింది. ధీమా కలిగాక అందరూ అన్నీ అందులో పడేయడం మొదలుపెట్టారు.

రిజిస్టరు వైపు కూడా పని జరిగింది. డగ్ కటింగ్ "లూసీన్" అనే ఉచిత వెదుకులాట సామగ్రిని విడుదల చేశాడు. దాని ఆధారంగా 2010లో షాయ్ బానన్ "ఎలాస్టిక్‌సెర్చ్"ను తెచ్చాడు. లండనులో వంటవిద్య నేర్చుకుంటున్న భార్యకు వంటకాల వివరాలు సులువుగా దొరకాలని చేసిన ప్రయత్నమే దీనికి నాంది అని చెబుతారు. ఇంటావిడ అవసరంతో మొదలైనది ఈనాడు పెద్ద పెద్ద సంస్థల వెదుకులాటను మోస్తున్నది.

ఈ రెండూ వేర్వేరు కంపెనీల సరుకులు. ఒకదాని భాష ఒకదానికి తెలియదు. వీటి మధ్య లంకె ఎలా? 2007లో జెఫ్ లిండ్సే అనే ప్రోగ్రామరు "వెబ్‌హుక్" అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. మాటిమాటికి వెళ్ళి "ఏమైనా వచ్చిందా" అని అడగడం మాని, వచ్చినప్పుడు నువ్వే నాకు కబురు పెట్టు అన్నది దాని సారం. రాత్రికొకసారి తిరిగే కాపలావానికి బదులు, తపాలు రాగానే గంట కొట్టే జవాను దొరికాడన్నమాట.

జవాను గంట కొట్టాక ఏ పని తరువాత ఏ పని చేయాలో ప్రోగ్రాములు రాయడం రానివారు కూడా వరుసగా పేర్చుకునే సాధనాలు తరువాత వచ్చాయి. "ఇది జరిగితే అది చెయ్యి" అన్న అర్థం గల ఇఫ్ట్ 2011లో ప్రజలకు అందింది. అదే ఏడు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ముగ్గురు యువకులు జేపియర్‌ను ఆరంభించారు. 2016లో మైక్రోసాఫ్ట్ "ఫ్లో" వచ్చి, 2019లో "పవర్ ఆటోమేట్"గా పేరు మార్చుకుంది. అదే 2019లో బెర్లిన్ నుంచి "ఎన్‌8ఎన్" వచ్చింది.

ఈ వరుసను టాటెన్‌హామ్ కళ్ళతో చూద్దాం. క్లౌడ్ సంచిలో కొత్త ఫైలు పడింది, అది తపాలు. డ్రాప్‌బాక్స్ వంటివి పంపే కబురులో "ఫలానా వారి ఖాతాలో ఏదో మారింది" అని మాత్రమే ఉంటుంది, జవాను "తపాలు వచ్చిందండీ" అన్నట్టు. అప్పుడు యంత్రం వెళ్ళి, కిందటిసారి చూసిన దగ్గర గుర్తు పెట్టుకున్న చోటు నుంచి ఏమేమి మారాయో అడుగుతుంది. అది డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరు. ఫైలును తెరిచి అక్షరాలను బయటికి తీస్తుంది. బొమ్మగా ఉన్న కాగితమైతే అక్షరాలు గుర్తుపట్టే మరొక యంత్రానికి అప్పగిస్తుంది. తేదీ, విషయం, ఫైలు ఎక్కడుందో చిరునామా, అన్నీ చేర్చి సెర్చి ఇంజనుకు అందిస్తుంది. పర్సనల్ రిజిస్టరులో ఎక్కినట్టే. నిమిషంలో పని పూర్తి. సెలవు చీటీ లేదు, క్యాజువల్ లీవూ లేదు.

ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

మొదటిది తొలగింపు. బీరువాలోంచి కాగితం తీసేసినా రిజిస్టరులో పద్దు ఉండిపోతుంది. కొత్త ఫైలు రాగానే చేర్చమని చెప్పినవారు, పాతది పోగానే కొట్టివేయమని చెప్పడం తరచు మరచిపోతారు. వెదికితే పేరు కనబడుతుంది, తెరిస్తే ఖాళీ.

రెండవది అనుమతి. బీరువాకు తాళం ఉంటుంది, కాని తాళం సంగతి రిజిస్టరుకు చెప్పాలి కదా! చెప్పకపోతే చూడకూడని వారు కూడా వెదికి చూసేస్తారు. మన కచేరీలలో కాన్ఫిడెన్షియల్ కాగితాలకు వేరే రిజిస్టరు పెట్టినది ఇందుకే.

మూడవది మౌనం. గుమాస్తా రాకపోతే కుర్చీ ఖాళీగా కనబడుతుంది. యంత్రపు లంకె తెగితే ఏమీ కనబడదు. సంకేతపదం మారినా, గడువు తీరినా వరుస ఆగిపోతుంది, ఫైళ్ళు మాత్రం పడుతూనే ఉంటాయి. కనుక పర్సనల్ రిజిస్టరు తనిఖీ వంటిది దీనికీ తప్పదు.

నాలుగవది మన భాష. తెలుగు అక్షరాలకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. అయినా ఆ తరువాత ఎన్నో ఏళ్ళు మన పత్రికలు, కరపత్రాలు, సంఘాల సర్క్యులర్లు అను వంటి పాత ఫాంట్లలో తయారయ్యాయి. తెరమీద తెలుగులా కనిపించినా యంత్రం లోపల అవి వేరే గుర్తులు, మార్చకుండా వెదికితే దొరకవు. అచ్చు కాగితం బొమ్మ నుంచి తెలుగు అక్షరాలు గుర్తుపట్టే విషయంలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంవారు 2000 సంవత్సరం ప్రాంతం నుంచి కృషి చేశారు. ఇప్పుడు అచ్చు కాగితాల మటుకు పని బాగానే జరుగుతున్నది. చేతిరాతను మాత్రం నమ్మడానికి లేదు. పైగా మనం ఒకచోట పింఛను అని, ఒకచోట పెన్షన్ అని, ఇంకొకచోట ఉపకారవేతనం అని రాస్తాం. "పెన్షనుకు", "పెన్షనులో", "పెన్షనుదారు" అని మాట రూపం మారుతుంది. ఇవన్నీ ఒకటేనని ఎవరో ఒకరు సెర్చి ఇంజనుకు నేర్పాలి. లూసీన్‌లో తెలుగు కోసం ప్రత్యేకమైన ఏర్పాటు చేరింది గాని, మన వ్యవహారంలోని పర్యాయపదాలు అందించవలసింది మనమే.

ఇది మన హక్కు కూడా

ఈ విషయం కేవలం సాంకేతికం కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను మొదటి ఉపసెక్షనులోనే, ప్రతి ప్రభుత్వ సంస్థ తన రికార్డులను పట్టిక కట్టి, సూచికతో ఉంచాలని, వీలైనవాటిని కంప్యూటరీకరించాలని ఉంది. అడగడం, అప్పీలు చేయడం గురించి మాట్లాడేవారు చాలామంది. మొదట ఉన్న ఈ బాధ్యతను గుర్తుచేసేవారు తక్కువ. దొరకని రికార్డు మీద హక్కు ఉండి ఏమి లాభం?

ప్రభుత్వమూ కొంత దారి వేసింది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చి, బ్రతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి వరుసలో నిలబడే బాధ కొంత తగ్గింది. 2015 జూలైలో డిజిలాకర్ ప్రారంభమైంది. 2020లో కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల ఎలక్ట్రానిక్ పి.పి.ఓ.ను డిజిలాకర్‌తో జతపరచాలని నిర్ణయించారు. జారీ అయిన కాగితం తనంతట తానే మన బీరువాలోకి చేరడం, ఇందాక చెప్పుకున్న లంకె ఫలితమే.

ఇక ఇంటి సంగతి. మనలో చాలామంది ఇళ్ళలో సూచిక ఇంటాయన తలలోనే ఉంటుంది. పి.పి.ఓ. ఏ సంచిలో ఉంది, నామినేషను ఎవరి పేర ఉంది, బ్యాంకు పాసుపుస్తకంలో భార్య పేరు పెన్షను కాగితంలోని పేరుతో సరిపోతున్నదా అన్నవి ఆయనకే తెలుసు. ఆయన పోయిన పదమూడో రోజున ఆ ఇల్లాలు సంచులన్నీ నేలమీద బోర్లించి, ఏది కావలసిన కాగితమో తెలియక కూర్చుంటుంది. కుటుంబ పెన్షను ఆగేది చట్టం లేక కాదు, కాగితం దొరకక.

కనుక సభ్యులకు మనవి. పి.పి.ఓ., సర్వీసు వివరాలు, నామినేషను, వివాహ, జనన ధ్రువపత్రాలు ఫోనుతో తీసి క్లౌడ్‌లో ఒకే సంచిలో ఉంచండి. ఫైలుకు యంత్రం ఇచ్చిన అంకెల పేరు కాక, "పి.పి.ఓ. – పూర్తి పేరు – సంవత్సరం" అని మీరే పేరు పెట్టండి. పిల్లలలో తెలిసినవారుంటే ఆ సంచిని, వెదుకులాటను కలిపే లంకె వేయించండి. లేకపోతే రెండు రూళ్ళ నోటుపుస్తకం చాలు, అదీ రిజిస్టరే. అసలు కాగితాలను మాత్రం పారేయవద్దు. బ్యాంకు రహస్య సంఖ్యలను ఆ సంచిలో పెట్టవద్దు. ఆపైన నెలకొకసారి తనిఖీ చేయండి. తనిఖీ మీరు చేయకూడదు. మీ శ్రీమతి చేతికి ఫోను ఇచ్చి, "నా పి.పి.ఓ. తియ్యి, చూద్దాం" అనండి. ఆమెకు దొరికిన నాడే అది నిజంగా మీ ఇంట్లో ఉన్నట్టు.